నీళ్లా, సబ్బా, ఇంటిమేట్ వాషా: ఏది మేలు?

"ఇంటిమేట్ వాష్ వాడమంటారా? వాడితే ఏది కొనమంటారు?" ఆడవాళ్ల జననాంగాల దగ్గర కడుక్కోవడానికని అమ్మే ఈ ద్రవం గురించి నన్ను ఎంతమంది అడిగారో లెక్కలేదు. అడిగేవాళ్లలో చాలామందికి జబ్బేమీ ఉండదు. తెల్లబట్ట కాస్త కనిపించినా, వాసన కాస్త తగిలినా శుభ్రం తక్కువైందేమోనన్న దిగులు. ఒకప్పుడు నేనూ ఆ దిగులుతోనే ఒక సీసా కొని, కొన్నాళ్లు వాడి మానేశాను.

మాన్పించింది ఒకే ఒక్క సంగతి: మనం కడుగుతున్నది బయటా, లోపలా? బయట కనిపించే పెదవుల భాగం చర్మమే. చెమట, మూత్రపు తడి చేరతాయి కాబట్టి రోజూ కడుక్కోవాల్సిందే. లోపలి యోని మార్గం తీరు వేరు. దాని గోడల కణాల్లో గ్లైకోజెన్ అనే పిండిపదార్థం ఉంటుంది. అది విడిపోగా వచ్చే చక్కెరలతో లాక్టోబాసిల్లస్ బ్యాక్టీరియా లాక్టిక్ ఆమ్లం తయారుచేస్తుంది. అందుకే నెలసరి వచ్చే వయసులో అక్కడి పీహెచ్ (ఆమ్లమా, క్షారమా అని చెప్పే కొలత; 7 కంటే తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) సాధారణంగా 3.8 నుంచి 4.5 మధ్య ఉంటుంది. ఆ ఆమ్లంలో హానికర బ్యాక్టీరియా చాలావరకు పెరగదు. రాలిన పాత కణాలు తేమతో కలిసి స్రావంగా బయటికొచ్చేస్తాయి. మనం భయపడే తెల్లబట్ట చాలాసార్లు ఇదే. అండం విడుదలయ్యే రోజుల్లో పల్చగా, తీగలా సాగడమూ మామూలే.

ఇక పీహెచ్ కాపాడుతుందని సీసా మీద రాసే మాట. లోపలి అంకె చూపించి, బయటి చర్మానికి వాడే సరుకు అమ్ముతున్నారు. బయట రాసుకున్న వాష్ లోపలి పీహెచ్‌ని నిలబెట్టదు, ఆ పని చేసేది లాక్టోబాసిల్లస్. పైగా కాండిడా అనే ఫంగస్ ఇన్ఫెక్షన్ వచ్చినప్పుడు కూడా పీహెచ్ సాధారణంగా మామూలుగానే ఉంటుంది. పీహెచ్ బాగుంటే ఏ ఇన్ఫెక్షనూ రాదనుకోవడం అపోహే.

అయినా, సబ్బా వాషా అంటే వాషే నయం. మామూలు సబ్బు పీహెచ్ 9, 10 దాకా ఉంటుంది, బయటి చర్మం పొడిబారి మంట పుడుతుంది. కొనాలనే ఉంటే సువాసన లేనిది చూసి, బయటివరకే వాడండి. నా మటుకు నాకు నీళ్లే చాలు: గోరువెచ్చని నీళ్లు, శుభ్రమైన చెయ్యి, ముందు నుంచి వెనక్కి తుడుచుకోవడం. పరిమళాల వాష్‌తో నాకున్న అసలు భయం వేరే. అది వాసనను కప్పేస్తుంది, ఆ వాసన ఒక్కోసారి జబ్బు మొదటి కబురు.

వైప్స్ సువాసన లేనివైతే ప్రయాణంలో ఎప్పుడైనా పర్వాలేదు. లోపలికి నీళ్లు చిమ్మి కడిగే డూషింగ్ మాత్రం అసలు వద్దు. మేలు చేసే బ్యాక్టీరియా కొట్టుకుపోతుంది. లోపల మేలు చేసేవి తగ్గి వేరే బ్యాక్టీరియా పెరిగిపోయే బ్యాక్టీరియల్ వెజైనోసిస్‌కీ, గర్భాశయం దాకా పాకే ఇన్ఫెక్షన్లకీ దానితో సంబంధం కనిపించింది.

చేపల వాసనతో పల్చటి బూడిదరంగు స్రావం, దురదతో విరిగినట్టుండే తెల్లటి ముద్దలు, నురగతో పసుపుపచ్చ స్రావం, ఈ మూడూ మూడు వేర్వేరు జబ్బుల లక్షణాలు. మందులూ వేరే. వీటిలో ఏది కనిపించినా గైనకాలజిస్టు దగ్గరికి వెళ్లండి. వెళ్లే ముందు రోజు నుంచే లోపల కడగడం, క్రీములు పెట్టడం ఆపేయండి. స్రావం ఉన్నది ఉన్నట్టుంటేనే పరీక్షలో జబ్బేదో సరిగ్గా తేలుతుంది.