సెన్‌హైజర్ హెచ్‌డీ 560ఎస్: ఆటకూ పాటకూ సినిమాకూ ఒకే జత

సికింద్రాబాద్ పార్క్ లేన్‌లో కంప్యూటర్ సామాన్లకు పేరుపడిన సీటీసీ దుకాణాల్లో గేమింగ్ హెడ్‌ఫోన్ అడిగితే ముందుగా బయటికి వచ్చేవి రంగురంగుల లైట్లు వెలిగే, పెట్టె మీద 7.1 (చుట్టూ ఎనిమిది స్పీకర్లున్నట్టు వినిపించే ధ్వని) అని పెద్దగా అచ్చువేసిన హెడ్‌సెట్లే. వాటిలో చాలావాటికి చెవికొక స్పీకరే ఉంటుంది. చుట్టూ వినిపించే ధ్వని సాఫ్ట్‌వేర్ కల్పన కాబట్టి, ఆ పనిని మంచి స్టీరియో హెడ్‌ఫోన్‌తోనూ చేయించుకోవచ్చు. 2020లో విడుదలైన హెచ్‌డీ 560ఎస్‌ను నేను తీసుకున్నది ఈ లెక్కతోనే.

ఇది వెనుకభాగం తెరిచి ఉండే రకం. బరువు 240 గ్రాములు. చెవి దిండ్లు తోలులాంటి రెక్సిన్‌వి కాకుండా మఖమల్‌వి కావడంతో, మన ఏప్రిల్, మే నెలల ఉక్కలో గంటల తరబడి పెట్టుకున్నా చెవుల చుట్టూ చెమట తక్కువ. సంగీతంలో దీని పనితనం మృదంగం దగ్గర తెలుస్తుంది: కుడివైపు మూత మీది వేళ్ల దెబ్బ, ఎడమవైపు ముఖమైన తొప్పి మీద పలికే జారుడు నాదం గుమికీ ఒకదానిలో ఒకటి కలిసిపోకుండా విడివిడిగా వినిపిస్తాయి. తెరిచిన రకం హెడ్‌ఫోన్లలో అట్టడుగు బేస్ సాధారణంగా పలచగా ఉంటుంది కనుక, డప్పు గుండెల్లో మోగాలనుకునేవారు ఈక్వలైజర్ ఏపీవో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో 100 హెర్ట్జ్‌కు దిగువన 3, 4 డెసిబెళ్లు పెంచి, శబ్దం పగలకుండా అందులోనే మొత్తం స్థాయిని నిర్ణయించే ప్రీయాంప్‌ను అంతే మేర తగ్గించుకోవాలి.

సెట్టింగుల్లో అసలు చిక్కు వేరే ఉంది. కౌంటర్-స్ట్రైక్ 2, వాలరెంట్ వంటి ఆటల్లో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తోందో చెవికి తెలియజేసే హెచ్‌ఆర్‌టీఎఫ్ అనే లెక్క ముందే ఉంటుంది. దాని మీద, హెడ్‌ఫోన్‌లో చుట్టూ ధ్వని కల్పించే విండోస్ సదుపాయం విండోస్ సోనిక్‌ను కూడా ఆన్ చేస్తే ఒకే లెక్క రెండుసార్లు జరిగి, వెనుక నడిచేవాడి అడుగులు ఎటు నుంచో పోల్చుకోలేనంతగా మసకబారతాయి. 5.1 (ఆరు స్పీకర్లకు వేరువేరుగా శబ్దం) ఆడియో ఉన్న సినిమాకు మాత్రం అదే సోనిక్ ఉపయోగపడుతుంది. రాత్రిపూట పోరాట సన్నివేశాల మోత తగ్గి సంభాషణలు స్పష్టంగా రావాలంటే పెద్ద, చిన్న శబ్దాలను ఒకే స్థాయికి తెచ్చే విండోస్ సెట్టింగు లౌడ్‌నెస్ ఈక్వలైజేషన్ మంచి ఉపాయమే గానీ, ఆటకు కూర్చునే ముందు దాన్ని తప్పక ఆపాలి. లేకపోతే దూరపు అడుగూ దగ్గరి అడుగూ ఒకే స్థాయిలో వినిపిస్తాయి.

బ్లూటూత్ వద్దనుకోవడానికి కారణం ఆలస్యం ఒక్కటే కాదు, చాలా జతల్లో మైక్ ఆన్ చేయగానే శబ్దం ఫోన్ కాల్ నాణ్యతకు పడిపోతుంది. ఇక్కడ 3 మీటర్ల వైరు ఉంది. కంప్యూటర్ టేబుల్‌కు అది అనుకూలమే, ఫోన్‌కు పెద్ద బెడద. దీని ఇంపెడెన్స్ (విద్యుత్తుకు అడ్డు) 120 ఓమ్‌లంటే ప్రత్యేక యాంప్లిఫయర్ కావాలేమోనని భయపడనక్కరలేదు, మామూలు లాప్‌టాప్ జాక్ సాధారణంగా చాలు.

మెట్రోలో మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా వెళ్తూ వినాలనుకునేవారు దీని జోలికి పోకూడదు: బయటి రొద లోపలికీ, మీ పాట పక్కవారికీ చేరుతుంది. ఇంట్లో సైతం సీలింగ్ ఫ్యాన్ చప్పుడు వినిపిస్తూనే ఉంటుంది. మైక్ లేదు కనుక, జట్టుగా ఆడేవారు కాలర్‌కు తగిలించే మైక్ ఖర్చును కూడా కలుపుకుని ధర చూసుకోవాలి.