"నీ నది ఏది?" అని అడిగారు: న్యూజిలాండ్ స్టడీ ట్రిప్ మీద నా రివ్యూ

డబ్బు సంగతి ముందు చెప్పేస్తా, ఎందుకంటే అందరూ మొదట అడిగేది అదే. 18 రోజులకి ఫీజు 3,85,000 రూపాయలు, ఫ్లైట్ టికెట్ అందులోనే. వీసా, ఇన్సూరెన్స్, బూట్లు, రెయిన్ జాకెట్, చేతిఖర్చు కలిపి ఇంకో 60 వేలు దాకా అయింది. బుకింగ్ ముందు "అన్నీ ఇందులోనే" అన్నారు, డబ్బు కట్టాక వీసా ఫీజు మనదే అన్నారు. నాన్న కొంత అప్పు చేసి పంపించారు, అందుకే ఏ రోజు డబ్బుకి తగ్గట్టు ఉంది, ఏ రోజు లేదు అన్నది నాకు బాగా గుర్తుంది.

సాహసం, ఆదివాసీ సంస్కృతి రెండూ కలిపిన ట్రిప్ అని బ్రోచర్‌లో ఉంది. శంషాబాద్ నుంచి సింగపూర్ మీదుగా ఆక్లాండ్, అక్కడి నుంచి రోటోరువా, వాంగనూయి నది, టోంగరీరో కొండలు. నార్త్ ఐలాండ్ దాటలేదు. అక్కడ డిసెంబర్ ఎండాకాలం, గడియారం మనకంటే ఏడున్నర గంటలు ముందు. మొత్తం ఇరవై రెండు మందిమి, చాలామంది హైదరాబాద్ కాలేజీల వాళ్ళే, ఒకమ్మాయిది ఉట్నూరు.

రోటోరువా దగ్గర రెండు రాత్రులు అక్కడి ఆదివాసీలైన మావోరీల మరాయెలో ఉన్నాం. మరాయె అంటే ఊరి రచ్చబండ, గుడి మంటపం, పెద్దలనాటి ఇల్లు మూడూ ఒకేచోట ఉన్నట్టు అనుకోండి. గేటు దగ్గర ఆగాలి, మనంతట మనం లోపలికి వెళ్ళకూడదు. లోపలి నుంచి ఒక పెద్దావిడ గొంతెత్తి పిలుస్తుంది, కరంగా అంటారు దాన్ని. భాష ఒక్క ముక్క తెలియకపోయినా ఆ గొంతు వింటుంటే నాకు ఒళ్ళు జలదరించింది. లోపలికి వెళ్ళి కూర్చున్నాక వాళ్ళ పెద్దలు మాట్లాడతారు, మన వైపు నుంచి ఒకరు బదులు చెప్పాలి, చెప్పాక మనవాళ్ళంతా లేచి నిలబడి ఒక పాట పాడాలి. ఈ చివరి సంగతి హైదరాబాద్‌లో పెట్టిన రెండు ఓరియంటేషన్లలో ఒక్కరూ చెప్పలేదు! స్లీపింగ్ బ్యాగ్ ఎలా చుట్టాలో అరగంట నేర్పించారు, ఇది మాత్రం చెప్పలేదు. మా సార్ మాట్లాడి కూర్చోబోతుంటే అందరూ మా వైపే చూస్తున్నారు, మేం ఒకరి మొహం ఒకరం చూసుకుంటున్నాం. నల్గొండ నుంచి వచ్చిన ఇద్దరమ్మాయిలు బతుకమ్మ పాట ఎత్తుకోబట్టి సరిపోయింది, మేమంతా చప్పట్లతో కలిశాం, పాట అయ్యేసరికి ముందు వరసలో ముసలాయన కూడా మాతోపాటు చప్పట్లు కొడుతున్నాడు. ఆ తర్వాత వరసగా నిలబడి ముక్కూ ముక్కూ, నుదురూ నుదురూ ఆనించి పలకరించారు. హోంగి అంటారు, ఒకే ఊపిరి ఇద్దరూ పంచుకోవడం అన్నమాట.

పడుకునేది ఒకే పెద్ద హాలులో, కింద పరుపులు వేసి. ఆ ఇల్లు వాళ్ళకి పూర్వీకుడి ఒళ్ళు: పైన నడికప్పు దూలం వెన్నెముక, వాసాలు పక్కటెముకలు. చెప్పులు బయటే. నేను అలసిపోయి దిండు మీద కూలబడితే ఒక ఆంటీ వచ్చి మెల్లగా దిండు లాగేసుకుంది (పెద్దవాళ్ళని అక్కడా ఆంటీ అనే పిలుస్తారు). తల పెట్టేదాని మీద కూర్చోకూడదు, అది తపు అంది. తపు అంటే పవిత్రమైనది, హద్దు దాటకూడనిది. వినడానికి మన "తప్పు" లాగే ఉంది కదా, మా అమ్మమ్మ కూడా దిండు మీద కూర్చుంటే ఇలాగే లేపేది.

ఆ రాత్రి మాకు పెపెహా నేర్పించారు, నన్నడిగితే ట్రిప్ మొత్తానికి అదే పాఠం. మనల్ని మనం పరిచయం చేసుకునే పద్ధతి అది: ముందు నా కొండ ఇది, తర్వాత నా నది ఇది, నా వాళ్ళు వీళ్ళు, పేరు చిట్టచివర. మనకీ ఇంటిపేరు ముందు, మన పేరు తర్వాత కాబట్టి అక్కడిదాకా సులువుగానే ఎక్కింది. కానీ నది? నేను పుట్టి పెరిగింది మలక్‌పేట. కాలేజీకి రోజూ చాదర్‌ఘాట్ వంతెన మీదుగానే వెళ్తా, వంతెన రాగానే బస్సు కిటికీ మూసి చున్నీ ముక్కుకి అడ్డం పెట్టుకుంటా. నా నది మూసీ అని చెప్పడానికి నోరు రాలేదు, కృష్ణ అని చెప్పేద్దామా అనుకున్నా. చివరికి వికారాబాద్ దగ్గర అది పుట్టే కొండనే చెప్పా: "కో అనంతగిరి తె మౌంగా, కో మూసీ తె ఆవా", అంటే కొండ అనంతగిరి, నది మూసీ. ఆంటీ అడిగింది, నీ నది ఆరోగ్యంగా ఉందా అని. లేదన్నాను. 1908లో వరదొచ్చి వేలమందిని తీసుకెళ్ళిందనీ, ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో చింతచెట్టెక్కిన 150 మంది దాకా బతికారనీ, ఇప్పుడు ఆ నదిలో మురుగు పారుతోందనీ నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పా. ఆవిడ ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

ఉట్నూరు అమ్మాయి గోండు, మెస్రం వంశం వాళ్ళు. తన వంతు వచ్చినప్పుడు తడుముకోలేదు. కేస్లాపూర్ నాగోబా జాతరకి మెస్రం వాళ్ళు జన్నారం దగ్గర గోదావరి నుంచి నీళ్ళు నింపుకుని కాలినడకన ఎలా తెస్తారో చెబుతుంటే అక్కడి ముసలివాళ్ళు కుర్చీలు దగ్గరికి లాక్కున్నారు. ఆ అమ్మాయి పక్క బెడ్‌లోనే నాలుగు రోజులుగా ఉంటున్నా, నేను అంతవరకు ఒక్కసారి కూడా అడగలేదు.

ఇక వాంగనూయి నదిలో పడవ ప్రయాణం. ఫకహోరో నుంచి పిపిరికి దాకా దాదాపు 87 కిలోమీటర్లు, మూడు రోజులు, పడవకి ఇద్దరు. బట్టలూ తిండీ మూత బిగించే ప్లాస్టిక్ డ్రమ్ముల్లో పెట్టి తాళ్ళతో కట్టేస్తారు. రెండు వైపులా నిటారుగా నాచుపట్టిన గోడలు, సన్నటి ధారలు, తెడ్డు చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఈ నదికి 2017 మార్చిలో అక్కడి పార్లమెంటు చట్టం చేసి మనిషికి ఉన్నట్టే చట్టపరమైన హక్కులిచ్చింది. దానికోసం ఆ నది తెగలు 140 ఏళ్ళ దాకా పోరాడాయి. నది తరఫున మాట్లాడటానికి ఇద్దరుంటారు, తెగల వైపు నుంచి ఒకరు, ప్రభుత్వం వైపు నుంచి ఒకరు. అదే నెలలో మన ఉత్తరాఖండ్ హైకోర్టు కూడా గంగ, యమునలకి అలాంటి హోదానే ఇచ్చింది, జులైలో సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. ఇదంతా మా ప్రొఫెసర్ క్లాసులో స్లైడ్లు పెట్టి చెప్తే వినేదాన్ని కాదేమో. నది మధ్యలో తెడ్డు ఒళ్ళో పెట్టుకుని గైడ్ చెబుతుంటే విన్నాను, పడవ దానంతటదే పోతోంది.

రెండో రాత్రి టియేకే కైంగాలో. అది ట్రెక్కర్ల హట్టూ, మరాయె కూడా. 1993లో ఇది మా నేల అని నది తెగ వాళ్ళు తిరిగొచ్చి కూర్చున్న చోటు. ఈసారి మేం పాట ముందే రెడీ చేసుకున్నాం, నా పెపెహా తడబడకుండా చెప్పా. మూడో రోజు ఫిఫ్టీ-ఫిఫ్టీ అని పిలిచే ఒక చోట మా పడవ తిరగబడింది. లైఫ్ జాకెట్ ఉంది, గైడ్ రెండు నిమిషాల్లో లాగేశాడు, నీళ్ళు మాత్రం మంచు. ఈత రానివాళ్ళు భయపడక్కర్లేదు కానీ వెళ్ళేముందు రెండు నెలలైనా నీళ్ళలో దిగి అలవాటు చేసుకోండి, నేను అలా చేయబట్టే టెన్షన్ పడలేదు.

మిగతావి త్వరగా చెప్తా. కైటునా నదిలో ఏడు మీటర్ల జలపాతం మీంచి రాఫ్ట్‌తో సహా దూకడం బాగుంది, దూకేముందు గైడ్ తెడ్డు నిలిపి ప్రార్థన చదివాడు. టోంగరీరో నడక ఎనిమిది గంటలు పట్టింది, మోకాళ్ళు పట్టేశాయి. ఆ శిఖరాలు తపు, వాటిని ఎక్కొద్దని అక్కడి తెగ కోరుతోంది, మా గైడ్ దారి దాటనివ్వలేదు, అది నాకు నచ్చింది. ఒక సాయంత్రం మాత్రం పెద్ద హాలులో టికెట్ షో, రెండు వందల మంది ఫోన్లెత్తి హాకా (మావోరీల సంప్రదాయ నృత్యం) వీడియో తీస్తున్నారు. పాడేవాళ్ళు ప్రాణం పెట్టి పాడారు, అయినా మరాయెలో రెండు రాత్రులు గడిపి వచ్చిన మాకు అది వద్దనిపించింది. ఆ డబ్బుతో మరాయెలో ఇంకో రాత్రి పెట్టాల్సింది.

తిండికి ఇబ్బంది లేదు. గుంతలో కాల్చిన రాళ్ళ మీద వండే హాంగిలో శాకాహారులకి వేరే బుట్ట పెట్టారు. అందులో కందగడ్డ, గుమ్మడికాయ పొగవాసనతో భలే ఉన్నాయి. పచ్చడి తీసుకెళ్తే ఎయిర్‌పోర్ట్ ఫారంలో తప్పకుండా రాయండి. రాయకుండా దొరికితే 400 న్యూజిలాండ్ డాలర్లు ఫైన్. నేను రాశా, చూసి ఇచ్చేశారు. బూట్లకి అనంతగిరి మట్టి ఉందని మాత్రం తీసుకెళ్ళి కడిగి తెచ్చారు.

క్రెడిట్ల దగ్గర దెబ్బ తిన్నాను. మూడు క్రెడిట్లు వస్తాయని చెప్పారు, తిరిగొచ్చాక "ముందే అనుమతి తీసుకోలేదు కాబట్టి కలపం" అంది మా కాలేజీ. డబ్బు కట్టకముందే మీ కాలేజీ నుంచి ఆ మాట కాగితం మీద తీసుకోండి.

అయిదుకి నాలుగు స్టార్లు. ఇలాంటి ట్రిప్ బుక్ చేసేవాళ్ళు ఆఫీసులో ఒక్క ప్రశ్న గట్టిగా అడగండి: మరాయెలో ఎన్ని రాత్రులు? "కల్చరల్ ఈవెనింగ్ ఉంది కదా" అని చెప్తే ఇంకో చోట చూసుకోండి. మేమంతా కలిసి ఈ జనవరిలో ఉట్నూరు అమ్మాయితో కేస్లాపూర్ వెళ్తున్నాం, బస్సు ఛార్జీ ఎవరిది వాళ్ళదే.