వద్దన్న విండోస్‌కు డబ్బు వెనక్కి: మూడేళ్ల తర్వాత నా లెక్క

ఈ ల్యాప్‌టాప్ కొని మూడేళ్లు దాటింది. దీంతో పాటే వేసి ఇచ్చిన విండోస్ ఇందులో ఒక్క రోజు కూడా నడవలేదు. దాని తాలూకు డబ్బు తయారీ కంపెనీ నాకు వెనక్కి ఇచ్చింది. అందుకు ఐదు నెలలు, ఇరవైకి పైగా మెయిళ్లు పట్టాయి. మీరూ చేయండి అని అందరికీ చెబుతానా అంటే, చెప్పను.

నేను చాలా ఏళ్లుగా లినక్స్ మనిషిని, అంటే విండోస్ బదులు ఆ ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌నే వాడతాను. నాకు నచ్చిన మోడల్ విండోస్ లేకుండా దొరకలేదు. ఇంతకు ముందు రెండు ల్యాప్‌టాప్‌లకు ఇదే జరిగితే మాట్లాడకుండా తుడిచేసి లినక్స్ వేసుకున్నాను. ఈసారి మాత్రం, వాడని దానికి డబ్బెందుకు కట్టాలి అన్న పట్టుదల వచ్చింది. పట్టుదల అనండి, మొండితనం అనండి, మీ ఇష్టం.

అసలు పని అంతా మొదటి పది నిమిషాల్లోనే ఉంది. కొత్త మెషిన్ ఆన్ చేయగానే దేశం, కీబోర్డు లాంటివి అడిగి, ఆ తర్వాత లైసెన్స్ ఒప్పందం చూపిస్తుంది. మనమెవరమూ చదవకుండా నొక్కేసే పేజీ అదే. షరతులకు ఒప్పుకోకపోతే సాఫ్ట్‌వేర్ వాడకూడదని, తయారీదారును అడిగి వాళ్ల రిటర్న్ పాలసీ ప్రకారం సాఫ్ట్‌వేర్‌నో, మొత్తం మెషిన్‌నో తిరిగి ఇచ్చి డబ్బు తీసుకోవచ్చని అందులోనే ఉంటుంది. ఒకసారి ఒప్పుకున్నామంటే ఇక అడగడానికి నోరుండదు. నేను డబ్బా సీలు తీయడం దగ్గర నుంచి ఈ పేజీ దాకా మొత్తం ఫోన్‌లో వీడియో తీశాను. ఒప్పుకోకుండా పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపేశాను. తర్వాత పెన్‌డ్రైవ్ పెట్టి డెబియన్ అనే లినక్స్ వేసుకున్నాను.

ఇక కస్టమర్ కేర్. మొదటి జవాబు నేను ఊహించిందే: సాఫ్ట్‌వేర్ విడిగా వెనక్కి తీసుకోం, కావాలంటే మొత్తం మెషిన్ తిరిగి ఇచ్చేయండి. ఒప్పందంలోని "వాళ్ల పాలసీ ప్రకారం" అన్న మూడు మాటల్లోనే ఈ తగాదా అంతా దాక్కుని ఉంది. ఆ పాలసీ కాగితం పంపండి అని అడిగాను. వారం తర్వాత ఇంకొకరెవరో, విండోస్ ఎందుకు ఇన్‌స్టాల్ కావడం లేదో చూస్తామని, మెషిన్ దగ్గర పెట్టుకుని ఫోన్ చేయమని రాశారు. మళ్లీ మొదటి నుంచి చెప్పాను. ప్రతి మెయిల్‌కూ కొత్త మనిషి, కొత్త టికెట్ నంబరు. అప్పటి నుంచి ఫోన్ మానేసి అంతా రాతలోనే నడిపాను. ప్రతిసారీ పాత మెయిళ్లన్నీ కింద అతికించి, అడిగేది పైన రెండు వాక్యాల్లో పెట్టేవాడిని. అదే నన్ను కాపాడిందనుకుంటాను.

మూడో నెలలో కాస్త కదిలింది. బిల్లు, సీరియల్ నంబరు, ఆ పేజీ ఫొటో పంపమన్నారు. దాంతో పాటు మెషిన్ అడుగున అంటించిన లైసెన్స్ స్టిక్కర్ పీకి పోస్టులో పంపమన్నారు. ఇక్కడ నవ్వాలో ఏడవాలో తెలియలేదు. 2012లో విండోస్ 8 వచ్చినప్పటి నుంచి లైసెన్స్ కీ నంబరును స్టిక్కర్ మీద అచ్చు వేయకుండా మదర్‌బోర్డు ఫర్మ్‌వేర్‌లోనే, అంటే బోర్డులోనే ఇమిడి ఉండే ప్రోగ్రామ్‌లో, పెడుతున్నారు. లేని స్టిక్కర్‌ను ఎలా పీకను? ఆ ముక్క వాళ్లకు నచ్చజెప్పడానికే మూడు వారాలు పోయాయి. చివరికి, ఈ మెషిన్‌లోని కీ ఎప్పటికీ వాడను అని సంతకం చేసిన కాగితంతో సరిపెట్టుకున్నారు. డబ్బు బ్యాంకులో పడింది.

ఎంత వచ్చిందంటే, మెషిన్ ఖరీదులో ఇరవయ్యో వంతు కూడా కాదు. విడిగా కొనే విండోస్ ధర చూసి అంత వస్తుందని ఆశపడితే నిరాశే. తయారీదారులు లైసెన్సులు టోకున, చాలా తక్కువకు తీసుకుంటారు. విండోస్‌తో పాటు ముందే వేసి ఇచ్చే ట్రయల్ యాంటీవైరస్ లాంటి వాటి సంగతి మరీ వింత. వాటిని పెట్టినందుకు కంపెనీకే ఎదురు డబ్బు ముడుతుంది కాబట్టి, మనకు వెనక్కి రావడానికి అక్కడ ఏమీ ఉండదు.

ఇది కొత్త గొడవేమీ కాదు. 1999 ఫిబ్రవరి 15న కొందరు లినక్స్ వాడకందార్లు వాడని విండోస్‌కు డబ్బు అడుగుతూ కాలిఫోర్నియాలో మైక్రోసాఫ్ట్ ఆఫీసుకే వెళ్లారు. తయారీదారులనే అడగండి అన్నది అక్కడ వచ్చిన జవాబు. ఇటలీలో ఒకాయన 42 యూరోల కోసం లెనోవో మీద కేసు వేశారు. కింది కోర్టు ఇచ్చేయమంటే కంపెనీ అప్పీలుకు వెళ్లింది. 2020 డిసెంబరులో మోంజా కోర్టు ఆ అప్పీలు కొట్టేసి, ఇంకో 20,000 యూరోలు ఇవ్వమంది. ఇది చదివి ఉత్సాహపడేవాళ్లు రెండోది కూడా తెలుసుకోవాలి. యూరోపియన్ యూనియన్ న్యాయస్థానం 2016లో, సాఫ్ట్‌వేర్ ముందే వేసి అమ్మడం దానంతట అదే అన్యాయమైన వ్యాపార పద్ధతి కాదని, దాని ధర విడిగా చూపించకపోవడం తప్పుదోవ పట్టించడం కాదని చెప్పింది. అంటే అంతటా చెల్లే హక్కు అనుకోకండి. మీ దగ్గరి చట్టం, ఆ కంపెనీ పాలసీ, మీ ఓపిక, మూడూ కలిసి రావాలి.

సరే, మూడేళ్ల వాడకం. చాలావరకు హాయిగా గడిచింది. వైఫై, కెమెరా, సౌండు మొదటి రోజే పనిచేశాయి. వేలిముద్ర రీడర్ ఇప్పటికీ పనిచేయదు, నేనూ ఆశ వదిలేశాను. మూత వేసి బ్యాగులో పెడితే మొదట్లో బ్యాటరీ ఊరికే తాగేసేది, బయాస్‌లో, అంటే విండోస్, లినక్స్ కంటే ముందే నడిచే బోర్డు ప్రోగ్రామ్‌లో, స్లీప్ సెట్టింగ్ మార్చాక తగ్గింది. విండోస్ తప్పనిసరిగా కావాల్సిన పని రెండుసార్లు పడింది. ఒకటి ఆన్‌లైన్ పరీక్ష, ఇంకొకటి పాత ప్రింటర్. కీ వాడనని సంతకం పెట్టాను కాబట్టి రెండుసార్లూ అక్క ల్యాప్‌టాప్ అడిగి తీసుకున్నాను. సంతకం మాట ఎత్తి అక్క ఇప్పటికీ ఏడిపిస్తుంది.

నిజంగా టెన్షన్ పడింది మాత్రం రెండో ఏడాది, మదర్‌బోర్డు పోయినప్పుడు. డబ్బు వెనక్కి తీసుకున్నాను కదా, వారంటీ కాదంటారేమోనని భయం. సర్వీస్ వాళ్లు విండోస్ ఉంటేనే టెస్ట్ చేస్తామన్నారు. బయాస్‌లోనే ఉన్న టెస్ట్ నడిపి ఆ ఎర్రర్ కోడ్ చూపించాక ఒప్పుకుని, ఉచితంగానే బోర్డు మార్చారు. తీరా ఇంటికి తెచ్చి చూస్తే కొత్త బోర్డులోనూ విండోస్ కీ ఎక్కించి ఉంది! డబ్బు తిరిగిచ్చిన లైసెన్స్‌ను మళ్లీ చేతిలో పెట్టారు. చెబుదామని మెయిల్ మొదలుపెట్టి, ఆ టికెట్ నంబర్లన్నీ గుర్తొచ్చి ఆపేశాను.

పోయిన నెల అక్క కొత్త ల్యాప్‌టాప్ కొంది. లైసెన్స్ పేజీ దగ్గర ఆపి నాకు ఫోన్ చేసింది.

"ఒరే, ఒప్పుకోమంటావా, వద్దంటావా?"

అక్క ఆఫీసు లెక్కల సాఫ్ట్‌వేర్ విండోస్ మీద తప్ప నడవదు. పైగా నాకు అరువివ్వడానికి ఇంట్లో ఒక విండోస్ ఉండాలి కదా.

"ఒప్పుకో అక్కా," అన్నాను.