బోయా కనిపిస్తే ముందు ఏం చూడాలి: రంగా, ఆకారమా, లైటా?

నీళ్ళ మీద తేలుతూ పడవలకు దారినీ ప్రమాదాన్నీ చూపించే గుర్తు బోయా. కొత్తగా పడవ నడపడం నేర్చుకుంటున్నవాళ్ళు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. "ఇన్ని గుర్తులు ఒకేసారి బుర్రకెక్కడం లేదు. వీటిలో ముందు దేన్ని పట్టుకోమంటారు?" అని. మొన్నటి దాకా "మూడూ చూడాలి" అని చెప్పి ఊరుకునేవాణ్ణి. అది తప్పు మాట కాదు గానీ, చుక్కాని చేతిలో ఉన్న మనిషికి పనికొచ్చే జవాబూ కాదు. ఈ మధ్య నేను నేర్పే వరసే మార్చేశాను. పగలు ముందు ఆకారం, రాత్రి ముందు లైటు. రంగు ఎప్పుడూ ఆ తర్వాతే.

చాలామంది రంగుతోనే మొదలుపెడతారు. దానికి కారణం ఉంది. ఎరుపు, ఆకుపచ్చ గుర్తుపెట్టుకోవడం తేలిక, పైగా దగ్గరికెళ్తే రంగంత స్పష్టంగా ఇంకేదీ కనిపించదు. చిక్కంతా ఆ 'దగ్గరికెళ్తే'లోనే ఉంది. మనకి బోయాతో పని పడేది అది ఇంకా దూరంగా ఉన్నప్పుడు. అప్పటికి రంగు తేలదు. ఎండకు వెలిసిన ఎరుపు, పక్షుల రెట్టలతో సగం తెల్లబడిన ఆకుపచ్చ, నీటి మట్టం దగ్గర నాచు పట్టి నల్లబడ్డ అడుగు భాగం, ఇవన్నీ మామూలే. వెనక ఒడ్డున చెట్లుంటే ఆకుపచ్చ బోయా వాటిలో కలిసిపోతుంది. ఎరుపు, ఆకుపచ్చ మధ్య తేడా సరిగ్గా కనిపించనివాళ్ళ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఒక సాయంత్రం రేవుకు తిరిగొస్తున్నాం. పొద్దు సరిగ్గా ఎదురుగా వాలుతోంది. నీళ్ళన్నీ రాగి రేకులా మెరుస్తున్నాయి. ముందు రెండు బోయాలు. కళ్ళు చికిలించి ఎంత చూసినా రెండూ నల్లగానే ఉన్నాయి. పక్కనున్న కుర్రాడికి టెన్షన్ మొదలైంది. "ఏది ఎరుపండీ?" అని రెండుసార్లు అడిగాడు. "రంగు వదిలెయ్, తల చూడు" అన్నాను. ఒకదాని తల చదునుగా, డబ్బాలా ఉంది. రెండోదానికి మొన ఉంది. డబ్బాని ఎడమకి, మొనని కుడికి ఉంచుకుని మధ్యలోంచి లోపలికి వచ్చేశాం. దగ్గరికొచ్చాక గానీ రంగులు తేలలేదు. ఎండ ఎదురుగా ఉంటే రంగు పోతుంది, ఆకారం మాత్రం ఇంకా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. ఆకారాన్ని ముందు పెట్టమనడానికి ఇదొక కారణం.

ఇంతకన్నా పెద్ద కారణం ఇంకొకటి ఉంది. 1976కి ముందు ప్రపంచంలో 30కి పైగా బోయా పద్ధతులు నడిచేవి. ఒకచోట క్షేమమని చెప్పే గుర్తు ఇంకోచోట ప్రమాదమని చెప్పేది. 1971 జనవరిలో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్యనున్న డోవర్ జలసంధిలో 'టెక్సాకో కరీబియన్' అనే ట్యాంకరు మరో ఓడను గుద్దుకుని మునిగింది. మర్నాడే 'బ్రాండెన్‌బర్గ్' ఆ శిథిలాలకు తగిలి మునిగిపోయింది. కొన్ని వారాలకు, అక్కడ గుర్తులు పెట్టాక కూడా, 'నికి' అనే ఓడ వాటికే తగిలి మునిగింది. మొత్తం 51 మంది పోయారు. ఆ తర్వాతే అందరికీ ఒకే పద్ధతి కావాలన్న పని ఊపందుకుంది. 1980లో టోక్యోలో 50 దేశాల లైట్‌హౌస్ అధికారులు కూర్చుని నియమాలు ఖాయం చేశారు. అయితే రంగు దగ్గర మాత్రం ఒక మాట మీదికి రాలేకపోయారు. అందుకే ఈనాటికీ రెండు విభాగాలున్నాయి. 'ఎ' విభాగంలో సముద్రం నుంచి లోపలికి వచ్చేటప్పుడు ఎరుపు ఎడమ పక్క, ఆకుపచ్చ కుడి పక్క. 'బి' విభాగంలో సరిగ్గా తలకిందులు. అమెరికా ఖండాలు, జపాన్, దక్షిణ కొరియా, ఫిలిప్పీన్స్ 'బి'లోకి వస్తాయి. భారత్, ఐరోపా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా 'ఎ'లోకి.

ఆకారం దగ్గర ఈ గొడవ లేదు. రెండు విభాగాల్లోనూ ఎడమ పక్కది డబ్బా, కుడి పక్కది శంకువు. ఒకచోట నేర్చుకున్న రంగు ఇంకోచోట మిమ్మల్ని నేరుగా గట్టు మీదికి తీసుకెళ్ళగలదు. ఆకారం అలా చెయ్యదు. నా మటుకు వాదన ఇక్కడితో తేలిపోయింది.

ప్రమాదానికి ఏ దిక్కున వెళ్తే క్షేమమో చూపించే పసుపు, నలుపు బోయాల దగ్గరైతే ఆకారం ఇంకా ముచ్చటైన పని చేస్తుంది. వాటి తల మీద రెండు నల్ల శంకువులుంటాయి. రెండు మొనలూ పైకుంటే ఉత్తరం, రెండూ కిందికుంటే దక్షిణం. మొనలు రెండూ ఒకదానికొకటి ఎదురై డమరుకంలా ఉంటే పడమర. అడుగులు కలిపి, మొనలు పైకీ కిందికీ చూస్తుంటే తూర్పు. ఇప్పుడు రంగు విడిగా బట్టీ పట్టనక్కర్లేదు, మొన ఎటు చూపిస్తే నలుపు అటుంటుంది. ఉత్తరానికి నలుపు పైన, దక్షిణానికి కింద. పడమరకి మొనలు లోపలికి చూస్తాయి కాబట్టి నలుపు నడుమన, తూర్పుకి బయటికి చూస్తాయి కాబట్టి పైనా కిందా నలుపే. ఆకారం తెలిస్తే రంగు దానంతటదే వస్తుంది. రంగుతో మొదలుపెట్టినవాళ్ళు ఈ నాలుగింటి దగ్గరే తికమకపడటం నేను చాలాసార్లు చూశాను.

ఆకారానికీ లోపాలున్నాయి, దాచడం ఎందుకు. స్తంభంలా నిలబడే బోయాలకు ఒంటి ఆకారం ఏమీ చెప్పదు, చెప్పేది తలమీది గుర్తే. అది తుఫానులో విరిగిపోవచ్చు. కొన్ని దేశాల్లో ఛానల్ (పడవలు వెళ్ళే లోతైన దారి) అంచు బోయాలకు ఆ గుర్తు అసలు పెట్టరు. అలాంటి చోట రంగు మీద ఆధారపడక తప్పదు. ఇక బయటికి వెళ్ళేటప్పుడు డబ్బా కుడికి మారుతుందన్న సంగతి రంగుకి ఎంత వర్తిస్తుందో దీనికీ అంతే వర్తిస్తుంది.

రాత్రి కథ వేరు. చీకట్లో ఆకారం ఎందుకూ పనికిరాదు, లైటే దిక్కు. లైటు అనగానే చాలామంది దాని రంగే చూస్తారు. నేనైతే ముందు లెక్క చూడమంటాను. దిక్కు బోయాల లైట్లన్నీ తెల్లవే, గడియారం ముఖాన్ని తలుచుకుంటే చాలు. తూర్పుకి మూడు మెరుపులు, దక్షిణానికి ఆరు, పడమరకి తొమ్మిది. ఉత్తరం ఆగకుండా మెరుస్తూనే ఉంటుంది. దక్షిణానికి ఆరు అయ్యాక ఒక పొడుగాటి వెలుగు కూడా ఉంటుంది, కనీసం రెండు సెకన్లు. ఎందుకంటే చిన్న పడవలో కూర్చుంటే కెరటం అడ్డొచ్చి ఒకటి రెండు మెరుపులు మింగేస్తుంది. ఆరుని మూడో తొమ్మిదో అనుకోకుండా ఆ పొడుగు వెలుగు కాపాడుతుంది. ఎవరు ఆలోచించారో గానీ, సముద్రం మీద తడిసినవాళ్ళే అయ్యుండాలి.

లెక్క ఎప్పుడూ వాచీ పెట్టుకుని చెయ్యండి. వరస మొత్తం రెండుసార్లు చూశాకే నమ్మండి. ఛానల్ అంచు బోయాల దగ్గర మాత్రం లైటు రంగుకి విలువ ఎక్కువ, ఎరుపు, ఆకుపచ్చ అక్కడే వాడతారు. అప్పుడు మీరు ఏ విభాగంలో ఉన్నారో ముందే తెలిసుండాలి. ఒడ్డున ఉన్న దుకాణాల లైట్లు, ట్రాఫిక్ సిగ్నళ్ళు కూడా ఎరుపు, ఆకుపచ్చల్లోనే ఉంటాయని మర్చిపోవద్దు. వాటిలోంచి బోయాని విడదీసేది మళ్ళీ ఆ మెరుపుల లెక్కే.

బోయా మీది నంబరు చార్టుతో, అంటే సముద్ర పటంతో, సరిపోల్చుకోవడానికి బాగుంటుంది, చదవగలిగేంత దగ్గరికి వెళ్తే. ఫోన్లో మ్యాపు గురించి కూడా అడుగుతుంటారు. వాడండి. అయితే బోయా గొలుసు చుట్టూ తిరుగుతూ ఉంటుంది, ఒక్కోసారి గొలుసు తెగి కొట్టుకుపోతుంది. మ్యాపులో అది పాత చోటే కనిపిస్తుంది.

ఒక్కోసారి ఆకారం ఒకటి చెప్తే రంగు ఇంకోటి చెప్తుంది, లేదా మెరుపుల లెక్క చార్టుతో కుదరదు. అప్పుడు ఏది నిజమో అక్కడికక్కడే తేల్చాలని చూడకండి. ఇంజన్ వేగం తగ్గించి, వచ్చిన దారినే నాలుగు పడవల పొడుగు వెనక్కి రండి. అక్కడ లోతు మీకు తెలుసు. చార్టు తీసి, ఆ బోయా ముందూ వెనకా ఉన్న రెండింటినీ కూడా చూశాక మళ్ళీ ముక్కు తిప్పండి.