యూజర్ అకౌంట్‌తో పాటు పోయిన ఫైళ్లు: విండోస్ ఫైల్ రికవరీ వాడి చూశాక

హార్డ్ డిస్క్ ఉన్న కంప్యూటర్‌లో యూజర్ అకౌంట్ పొరపాటున డిలీట్ అయి, దాంతోపాటే డాక్యుమెంట్లూ ఫోటోలూ పోయి ఉంటే, డబ్బు పెట్టి ఏ సాఫ్ట్‌వేరూ కొనకముందే మైక్రోసాఫ్ట్ వాళ్ల విండోస్ ఫైల్ రికవరీ వాడి చూడండి. పూర్తిగా ఉచితం. మా ఇంట్లో పనిచేసింది. అదే ఎస్ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేకుండా చిప్‌ల మీదే డేటా దాచే కొత్త రకం డ్రైవ్) ఉన్న ల్యాప్‌టాప్ అయితే మాత్రం ఆశ చాలా తక్కువ. ఆ సంగతి కింద వివరంగా రాస్తాను, ఎందుకంటే అది తెలియక అనవసరంగా డబ్బు కట్టేవాళ్లు ఉన్నారు.

మా నాన్నగారు రిటైరైన తెలుగు మాస్టారు. పాత డెస్క్‌టాప్‌లో విడిగా ఒక అకౌంట్ పెట్టుకుని, ఎన్నో ఏళ్లుగా పద్యాలకు తాత్పర్యాలు టైపు చేసుకుంటూ, పొలం పాసు పుస్తకాలూ అడంగళ్లూ స్కాన్ చేసి పెట్టుకుంటూ, పెళ్లిళ్ల ఫోటోలన్నీ అందులోనే దాచుకుంటూ వచ్చారు. సి డ్రైవ్ నిండిపోయిందని మా బాబాయిగారి అబ్బాయి కాస్త ఖాళీ చేద్దామనుకుని, ఎవరూ వాడటం లేదనుకున్న అకౌంట్ ఒకటి తీసేశాడు. అది నాన్నగారిది. పిల్లవాణ్ణి ఏమీ అనలేం. సెట్టింగ్స్‌లో అకౌంట్, డేటా రెండూ డిలీట్ చేసే బటన్ ఒక్కటే ఉంటుంది, అది నొక్కితే ఫైళ్లు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లవు, నేరుగా పోతాయి. పాత కంట్రోల్ ప్యానెల్ నుంచి తీసేస్తే ఫైళ్లు ఉంచాలా తీసేయాలా అని అడుగుతుంది, ఉంచమంటే డెస్క్‌టాప్, డాక్యుమెంట్లు, ఫోటోలు, వీడియోల్లాంటివి ఒక ఫోల్డర్‌లో పెట్టి మన డెస్క్‌టాప్ మీద ఉంచుతుంది. సెట్టింగ్స్‌లో ఆ ప్రశ్నే లేదు.

టూల్ దగ్గరికి వెళ్లే ముందు ఒక మాట. అకౌంట్ పోయిందని తెలిసిన క్షణమే ఆ కంప్యూటర్ ఆపేయండి. బ్రౌజర్ తెరిచి వెతకడం, రికవరీ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ చేసి అదే సి డ్రైవ్‌లో ఇన్‌స్టాల్ చేయడం, ఇవే అసలు నష్టం చేస్తాయి. డిలీట్ చేసినప్పుడు విండోస్ ఆ ఫైల్‌ను చెరిపేయదు, ఏ ఫైల్ ఎక్కడుందో రాసుకునే పట్టికలో ఈ చోటు ఖాళీ అని గుర్తు పెడుతుంది, అంతే. అసలు డేటా డిస్క్ మీదే ఉంటుంది, ఇంకో ఫైల్ వచ్చి అక్కడ కూర్చునేదాకా. మేం మొదట తీసుకెళ్లిన షాపులో అదే డిస్క్ మీద సాఫ్ట్‌వేర్ ఎక్కించబోతే వద్దని వెనక్కి తెచ్చుకున్నాం. అదే పేరుతో కొత్త అకౌంట్ చేస్తే ఫైళ్లు వచ్చేస్తాయని కొందరు చెబుతారు. రావు. పేరు ఒకటే అయినా లోపల విండోస్ ఇచ్చే గుర్తింపు నంబర్ వేరు, పైగా కొత్త ప్రొఫైల్ కోసం బోలెడు ఫైళ్లు డిస్క్ మీద రాస్తుంది. సిస్టమ్ రిస్టోర్ కూడా అంతే, అది డాక్యుమెంట్లను వెనక్కి తేవడానికి పెట్టింది కాదు.

ఆ డిస్క్ ఊడదీసి వేరే కంప్యూటర్‌కి తగిలించాక, ముందు ఆ డిస్క్‌లోని యూజర్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. కంప్యూటర్ మేనేజ్‌మెంట్ నుంచో, కమాండ్‌తోనో అకౌంట్ తీసేసి ఉంటే ఒక్కోసారి ఫోల్డర్ అలాగే ఉండిపోతుంది, అప్పుడు అడ్మిన్ హక్కులతో ఓనర్‌షిప్ తీసుకుని కాపీ చేసుకుంటే చాలు, రికవరీ అక్కర్లేదు. మైక్రోసాఫ్ట్ క్లౌడ్ అయిన వన్‌డ్రైవ్‌లో బ్యాకప్ ఆన్‌లో ఉండేదేమో కూడా చూడండి. కంప్యూటర్‌లో అకౌంట్ పోయినంత మాత్రాన మైక్రోసాఫ్ట్ అకౌంట్ పోదు, ఫోన్ నుంచి లాగిన్ అయినా ఫైళ్లు కనిపిస్తాయి. మాకు ఈ రెండు అదృష్టాలూ లేవు.

ఇక టూల్ సంగతి. మైక్రోసాఫ్ట్ స్టోర్‌లో దొరుకుతుంది, విండోస్ 10 లో 2004 నంబర్ వెర్షన్ గానీ ఆ తర్వాతది గానీ ఉండాలి. దీన్ని నా ల్యాప్‌టాప్‌లో ఇన్‌స్టాల్ చేసి, నాన్నగారి హార్డ్ డిస్క్‌ని యూఎస్‌బీ కేబుల్‌తో తగిలించాను. బటన్లు, బొమ్మలు ఏమీ ఉండవు, నల్ల కిటికీలో కమాండ్ టైపు చేయాలి. ఇది చూసే చాలామంది వెనక్కి తగ్గుతారు, కానీ కమాండ్ ఒక్క లైనే. మొదట విన్ ఎఫ్ ఆర్ (winfr) అనే పేరు, తర్వాత ఫైళ్లు పోయిన డ్రైవ్ అక్షరం, తర్వాత దొరికినవి దాచే డ్రైవ్ అక్షరం, ఆపైన రెగ్యులరా ఎక్స్‌టెన్సివా అన్న మోడ్, చివర్లో స్లాష్ ఎన్ (/n) పెట్టి మనకు కావాల్సిన ఫోల్డర్ దారి. పోయిన డ్రైవ్, దాచే డ్రైవ్ ఒకటే కాకూడదు, అలా ఇస్తే ఒప్పుకోదు కూడా, అది మంచి పని. ఫోల్డర్ దారి చివర బ్యాక్‌స్లాష్ మర్చిపోకండి, అది ఉంటేనే దాన్ని ఫోల్డర్‌గా తీసుకుంటుంది.

నాకు ఈ టూల్ నచ్చడానికి ముఖ్య కారణం ఈ దారి ఇచ్చే సదుపాయమే. అకౌంట్ పోవడం అంటే ఒక ఫైల్ పోవడం కాదు, ప్రొఫైల్ మొత్తం పోవడం, అందులో మనకు కావాల్సినవాటికంటే యాప్‌డేటా (ప్రోగ్రామ్‌లు తమ ఫైళ్లు దాచుకునే ఫోల్డర్) లోపలి బ్రౌజర్ చెత్తే ఎక్కువ. యూజర్ పేరు వరకే దారి ఇస్తే ఆ చెత్తంతా వెనక్కి వచ్చి అసలువి ఎక్కడున్నాయో వెతుక్కోవాలి. డాక్యుమెంట్స్‌కి ఒకసారి, పిక్చర్స్‌కి ఒకసారి, డెస్క్‌టాప్‌కి ఒకసారి విడివిడిగా నడపండి. రెగ్యులర్ మోడ్‌లోనే మాకు ఎక్కువ భాగం వచ్చేసింది, ఫైల్ పేర్లతో సహా, ఫోల్డర్లు ఉన్నవి ఉన్నట్టుగా. నాన్నగారు ఫైళ్లకు తెలుగులోనే పేర్లు పెట్టుకున్నారు, నల్ల కిటికీలో అవి డబ్బాల్లా కనిపించేసరికి టెన్షన్ పడ్డాను గానీ, దాచిన ఫోల్డర్ తెరిచి చూస్తే శుభ్రంగా తెలుగులోనే ఉన్నాయి. రెగ్యులర్‌లో రానివాటికి ఎక్స్‌టెన్సివ్ మోడ్ పెట్టాను, అది డిస్క్ అంతా గాలిస్తుంది కాబట్టి చాలా నిదానం, రాత్రి పెట్టి వదిలేయాలి.

అన్నీ వచ్చాయా అంటే రాలేదు. ఫోటోలు చాలావరకు బాగున్నాయి, కొన్ని సగం దాకా తెరుచుకుని మిగతా సగం బూడిద రంగులో ఉన్నాయి. వర్డ్ ఫైళ్లలో కొన్ని పేరుతో వచ్చాయి గానీ పాడైందంటూ తెరుచుకోలేదు. పాసు పుస్తకాల స్కాన్‌లు అన్నీ దొరికాయి, నాకు అన్నిటికంటే ఊరట అదే. బ్రౌజర్‌లో సేవ్ చేసిన పాస్‌వర్డ్‌ల మీద మాత్రం ఆశ పెట్టుకోకండి, ఆ ఫైల్ దొరికినా అది పాత అకౌంట్ తాళంతో లాక్ అయి ఉంటుంది, ఆ తాళం అకౌంట్‌తోనే పోతుంది.

పోలిక కోసం రెకువా, ఫోటోరెక్ అనే వేరే రెండు రికవరీ టూల్స్ కూడా నడిపాను. కమాండ్లంటే భయపడేవాళ్లకు రెకువా హాయిగా ఉంటుంది, పెన్ డ్రైవ్ నుంచే నడిచే వెర్షన్ కూడా ఉంది, ప్రతి ఫైల్ పక్కన ఆకుపచ్చ, నారింజ, ఎరుపు చుక్కలు పెట్టి ఏది బాగుందో చెబుతుంది. కానీ ఆకుపచ్చ ఉన్నవి కూడా మాకు కొన్ని తెరుచుకోలేదు, ఆ చుక్కల్ని పూర్తిగా నమ్మలేం. క్రిస్టోఫ్ గ్రెనియే రాసిన ఫోటోరెక్ పద్ధతి వేరు, అది పట్టికను పట్టించుకోకుండా ఫైల్ మొదట్లో ఉండే గుర్తుల్ని బట్టి డేటాను ఏరుకుంటుంది. అందుకే మిగతావి వదిలేసినవి కూడా పట్టుకొస్తుంది, కానీ పేర్లు ఉండవు, ఫోల్డర్లు ఉండవు, అన్నీ ఎఫ్ అనే అక్షరం, నంబర్లతో గుట్టగా పడతాయి. నాన్నగారు పక్కన కూర్చుని ఒక్కొక్కటీ తెరిచి, ఇది ఫలానా శతకం, ఇది ఫలానా పెళ్లి అని పేర్లు పెట్టుకోవాల్సి వచ్చింది. ఆయన ఓపిక ఉంది కాబట్టి సరిపోయింది, లేకపోతే దాన్ని చివరి ప్రయత్నంగానే ఉంచుకోండి.

ఇప్పుడు ఎస్ఎస్‌డీ సంగతి. ఎస్ఎస్‌డీలో ఫైల్ డిలీట్ అవగానే విండోస్ ట్రిమ్ అనే ఆదేశం పంపుతుంది, ఈ చోట్లు ఇక అక్కర్లేదని డ్రైవ్‌కి చెబుతుంది, డ్రైవ్ తన వీలును బట్టి వాటిని ఖాళీ చేసేస్తుంది. మోసపోయేది ఎక్కడంటే, డేటా పోయినా పట్టికలో ఫైల్ పేరు, సైజు కొంతకాలం ఉండిపోవచ్చు. కాబట్టి డబ్బు అడిగే సాఫ్ట్‌వేర్ ఉచితంగా స్కాన్ చేసి మీ ఫైళ్ల పేర్లన్నీ వరసగా చూపిస్తుంది, మనం ఆశపడి కడతాం, రికవర్ చేసి తెరిస్తే లోపల అన్నీ సున్నాలే. పేరు కనిపించడం వేరు, ఫైల్ ఉండటం వేరు. డబ్బు కట్టే ముందు ప్రివ్యూలో ఫోటో నిజంగా తెరుచుకుంటోందో లేదో చూడండి, తెరుచుకోకపోతే కట్టకండి. ఎస్ఎస్‌డీ అయితే క్లౌడ్ బ్యాకప్‌లు, వాట్సాప్‌లో పంపిన కాపీలు, మెయిల్‌లో అటాచ్ చేసినవి వెతకడం మీదే సమయం పెట్టండి, అక్కడే దొరికే అవకాశం ఎక్కువ.

విండోస్ ఫైల్ రికవరీకి నేనిచ్చేది 5 కు 4. ఫలితానికి పూర్తి మార్కులు, తగ్గించింది ఆ నల్ల కిటికీకి, ప్రివ్యూ లేనందుకు. నాన్నగారి లాంటి పెద్దవాళ్లు ఒంటరిగా దీన్ని వాడలేరు, పక్కన ఎవరో ఒకరు ఉండాల్సిందే. ఇంత మంచి టూల్ తయారుచేసిన కంపెనీ దానికి రెండు బటన్లు పెట్టలేదా అనిపిస్తుంది. అంతకంటే ముందు సెట్టింగ్స్‌లో అకౌంట్ తీసేసేటప్పుడు కూడా, కంట్రోల్ ప్యానెల్‌లో ఉన్నట్టే, ఫైళ్లు ఉంచమంటారా అని ఒక్క ప్రశ్న పెడితే ఈ టూల్ అవసరమే సగం మందికి రాదు.