బ్యాంకాక్‌లో ఏది ఎక్కాలి? కొన్నేళ్లు తిరిగాక నా సమీక్ష

ఉద్యోగరీత్యా కొన్నేళ్లుగా బ్యాంకాక్‌లో ఉంటున్నాను. ఊరి నుంచి ఎవరొచ్చినా ముందు అడిగేది క్యాబ్ గురించే. ఇక్కడ ట్యాక్సీ చవకే, మీటరు 35 బాత్‌తో మొదలవుతుంది. కానీ సాయంత్రం ఐదు దాటాక సుఖుమ్‌విత్ రోడ్డెక్కితే ఎప్పుడు చేరతారో చెప్పలేం. అందుకే నా ఓటు రైలుకీ పడవకీ.

సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఎయిర్‌పోర్ట్ రైల్ లింక్ 2010 నుంచి నడుస్తోంది. ఫయా థాయ్ దాకా 45 బాత్, సుమారు అరగంట. అక్కడ బీటీఎస్, అంటే పైవంతెన మీద నడిచే సిటీ రైలు, దొరుకుతుంది. పిల్లలూ పెద్ద సూట్‌కేసులూ ఉంటే మాత్రం ట్యాక్సీయే నయం. మీటరు మీద ఇంకో 50 బాత్ అడుగుతారు, అది ఎయిర్‌పోర్టు రుసుమే, గొడవ పడకండి.

చిరాకు తెప్పించేది టికెట్ల సంగతి. బీటీఎస్ వాళ్ల ర్యాబిట్ అనే ప్రీపెయిడ్ కార్డు ఇంకో మెట్రో అయిన ఎమ్మార్టీ బ్లూ లైన్‌లో చెల్లదు. అక్కడ వీసా, మాస్టర్‌కార్డ్ గేటుకి ఆనిస్తే సరిపోతుంది.

నాకు అన్నిటికన్నా ఇష్టం సేన్ సేప్ కాలువ పడవ. బట్టల బేరానికి మనవాళ్లు ఎక్కువగా దిగే ప్రతూనామ్ నుంచి తూర్పు వైపు అసోక్, థోంగ్ లో రేవుల మీదుగా పోతుంది. నీళ్లు కంపు కొడతాయి, ఎదురుగా పడవ వస్తే చినుకులు మీద పడతాయి. పక్కనున్న తాడు లాగితే అడ్డంగా టార్పాలిన్ పట్టా పైకి లేస్తుంది, ఆ పని ప్రయాణికులదే. రేవులో పడవ ఆగీ ఆగగానే దూకాలి కాబట్టి మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు వద్దు. చీకటి పడ్డాక కాసేపటికే సర్వీసు ఆపేస్తారు. సందు మొదట్లో నారింజ రంగు జాకెట్లతో కూర్చునే మోటార్‌సైకిల్ వాళ్లు చివరి కిలోమీటరుకి బాగా పనికొస్తారు, హెల్మెట్ అడిగి తీసుకోండి. టుక్‌టుక్ ఫొటోలకు సరే.

ఉత్తర థాయ్‌లాండ్‌లోని చియాంగ్ మాయ్‌కి రాత్రి రైలు బాగుంటుంది, 751 కిలోమీటర్లు. దూరప్రాంత రైళ్లు 2023 జనవరి నుంచి పాత హువా లాంఫోంగ్ స్టేషన్‌లో కాదు, క్రుంగ్ థెప్ అఫివత్‌లో బయలుదేరుతున్నాయి. సెకండ్ క్లాస్ స్లీపర్‌లో బెర్తులన్నీ మన సైడ్ లోయర్, సైడ్ అప్పర్‌లలాగే ఉంటాయి, తెర కూడా ఉంటుంది. కింద బెర్తు వెడల్పు, ధర కాస్త ఎక్కువ. అదే తీసుకోండి. పడక సిబ్బందే వేస్తారు. ఏసీ మాత్రం వణికిస్తుంది.

చియాంగ్ మాయ్‌లో ఎర్ర సాంగ్‌థావ్‌లు, అంటే వెనక రెండు బెంచీలుండే పికప్ బండ్లు, షేర్ ఆటోల పద్ధతిలోనే తిరుగుతాయి. ఎంత అని అడిగితే బండి మొత్తానికి రేటు చెబుతారు. అందుకే రేటు అడక్కుండా ఎక్కడికో చెప్పండి, డ్రైవర్ తలూపితే ఎక్కండి. దిగాల్సిన చోట పైనున్న బజర్ నొక్కి, దిగాక కిటికీ దగ్గర డబ్బివ్వండి.