క్యాన్ నీళ్లు రుచి చెడితే: ప్లాంటు మార్చాలా, ఇంట్లో ఆర్వో పెట్టాలా?

ఇంటికి వేయించుకునే 20 లీటర్ల క్యాన్ నీళ్లు తేడాగా ఉంటే, ముందు ఆ తేడా ఏమిటో పట్టుకోండి. ప్లాస్టిక్ వాసనంటే క్యాన్లు ఎండలో ఉండిపోయి ఉంటాయి, లేదా క్యాన్ బాగా పాతదై ఉంటుంది. పాచి వాసనంటే కడగడంలో లోపం. క్యాన్ లోపల జిగురు పట్టి ఉంటుంది. (మన ఇంట్లో కుళాయి స్టాండు కడిగి ఎన్నాళ్లయిందో కూడా చూడాలి.) ఈ రెండింటికీ ప్లాంటు మార్చడమే చవకైన దారి. సీలు, నింపిన తేదీ, ఐఎస్‌ఐ గుర్తుతో పాటు ప్యాకేజీ తాగునీటి ప్రమాణమైన ఐఎస్ 14543 అనే నంబరు ఉన్నవే తీసుకోండి. సీలు లేని క్యాన్ ఎంత చవకైనా పసిపిల్లలున్న ఇంట్లోకి రానివ్వకండి.

నీళ్లు చప్పగా ఉన్నాయా? ప్లాంటులోని ఆర్వోలో (సన్నని పొరగుండా నీళ్లను వడకట్టే యంత్రం) లవణాలు బాగా తగ్గిపోవడం వల్ల అలా ఉంటాయి. ఇంట్లో ఆర్వో పెట్టినా అదే చప్పదనం రావచ్చు.

ఆర్వో అసలు అవసరం బోరునీళ్ల ఇళ్లకు. నల్లగొండ జిల్లా లాంటి చోట్ల బోరులో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే మరగబెట్టినా పోదు, ఆర్వో తీసేస్తుంది. అదే కృష్ణా, గోదావరి, మంజీర కుళాయి నీళ్లయితే, టీడీఎస్ (నీళ్లలో కరిగిన లవణాల మోతాదు) లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉంటే, ఆర్వో దండగ. లీటరు నీళ్లకు రెండు మూడు లీటర్లు మోరీపాలు! ఆ ఇళ్లకు యూవీ ఫిల్టరు (అతినీలలోహిత కాంతితో క్రిములను చంపేది) చాలు, లేదా కాచి చల్లార్చి తాగండి. అప్పుడు క్యానే అక్కర్లేదు.